సంక్షేమ నిధుల కోత: బడులు, స్వచ్ఛంద సంస్థలు, బలహీన వర్గాలు

విద్య, పోషణ, ఆరోగ్యం, బాలల రక్షణ వంటి పనులకు ప్రభుత్వం ఇస్తున్న సొమ్మును తగ్గించడాన్ని, ఆపివేయడాన్ని, మంజూరు చేసి కూడా సకాలంలో చేర్చకపోవడాన్ని సంక్షేమ నిధుల కోత అంటారు. భారతదేశంలో ఇలాంటి పనుల్లో ఎక్కువ భాగం కేంద్రం, రాష్ట్రం కలిసి భరించే పథకాల ద్వారా సాగుతుంది. వాటిని చివరి అంచెలో నడిపేది ప్రభుత్వ బడి, అంగన్‌వాడీ కేంద్రం, స్వయం సహాయక సంఘం, లేదా జిల్లా స్థాయిలోని చిన్న స్వచ్ఛంద సంస్థ. ఢిల్లీలోనో రాజధానిలోనో ఒక పద్దు తగ్గినా, ఒక విడత విడుదల ఆగినా ఆ బరువంతా ఈ చివరి అంచె మీదే పడుతుంది.

మన దేశంలో కోత ‘కోత’ అనే పేరుతో రావడం అరుదు. బకాయిగా, ఏళ్ల తరబడి మారని రేటుగా, ఒక పథకాన్ని మరో దాంట్లో కలిపిన ఉత్తర్వుగా, భర్తీ కాని పోస్టుగా వస్తుంది. చాలాసార్లు శాసనసభలో చర్చకు రాకుండానే అమలవుతుంది. ప్రభుత్వం ఆపిన సొమ్మును ఆ మధ్యకాలంలో భరించేది వంట చేసే మహిళ, జీతం అందని కార్యకర్త, ఫీజు కట్టలేని విద్యార్థి. అంటే రాష్ట్రంలోకెల్లా తక్కువ ఆదాయం ఉన్నవారే ప్రభుత్వానికి వడ్డీలేని అప్పు ఇస్తున్నారు. నిధుల కోత ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి మొదట గుర్తించాల్సిన విషయం ఇదే.

చారిత్రక నేపథ్యం

ప్రజలు స్థాపించిన సంస్థకు ప్రభుత్వం సొమ్ము ఇచ్చే పద్ధతి మన దేశంలో 1854 నాటి వుడ్స్ డెస్పాచ్‌తో స్థిరపడింది. బడులన్నిటినీ తానే నడపకుండా, క్రైస్తవ మిషన్లు, జమీందారులు, స్థానిక సంఘాలు పెట్టిన విద్యాలయాలకు నియమాలకు లోబడి సహాయం ఇవ్వాలన్నది దాని సారాంశం. తెలుగునాట ఎయిడెడ్ విద్యాసంస్థలు ఈ పద్ధతిలోనే ఎదిగాయి. భవనం, స్థలం యాజమాన్యానివి. అధ్యాపకుల జీతం ప్రభుత్వానిది. తక్కువ ఫీజుతో డిగ్రీ చదివిన తరాలు ఈ ఏర్పాటు వల్లే తయారయ్యాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఇదే సూత్రం సంక్షేమ రంగానికి విస్తరించింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 బ్లాకుల్లో మొదలైంది. గ్రామీణాభివృద్ధిలో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు సహాయం అందించడానికి 1986లో కపార్ట్ ఏర్పడింది. బాల కార్మికులను పనినుంచి తప్పించి చదివించడానికి 1988లో జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు వచ్చింది. దళిత, గిరిజన, పేద మహిళలను సంఘాలుగా కూడగట్టే మహిళా సమాఖ్య డచ్ ప్రభుత్వ సహాయంతో మొదలై, 1993 నాటికి మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలకు చేరింది. ఈ పథకాలన్నిటా ప్రభుత్వం డబ్బు, విధానం సమకూర్చింది. గడప గడపకూ తిరిగే పని స్వచ్ఛంద కార్యకర్తలు చేశారు.

కోత రూపాలు

ఆచరణలో కోత నాలుగు రూపాల్లో కనిపిస్తుంది. మొదటిది కేటాయింపులోనే తగ్గింపు. ఇది బడ్జెట్ పత్రాల్లో కనబడుతుంది కాబట్టి చర్చకు వస్తుంది. రెండోది విడుదలలో జాప్యం. బడ్జెట్‌లో అంకె ఉంటుంది, ఉత్తర్వూ ఉంటుంది, ఖాతాలో సొమ్ము మాత్రం పడదు. ‘బిల్లు పెండింగ్’ అని జనం చెప్పుకొనేది దీన్నే. మూడోది మారని రేటు. ధరలు పెరుగుతున్నా తలసరి మొత్తం అలాగే ఉంటే, ప్రతి నెలా కొంత కోత దానంతటదే జరిగిపోతుంది. నాలుగోది విలీనం. పథకం పేరు పోయి మరో పెద్ద పథకంలో భాగమవుతుంది. ప్రత్యేక సిబ్బంది, ప్రత్యేక ఖాతా, ప్రత్యేక బాధ్యత మూడూ కరిగిపోతాయి.

ఈ రూపాలు కలగలిసి కూడా వస్తాయి. షెడ్యూల్డ్ కులాల పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనాలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. ‘నిబద్ధ బాధ్యత’ అనే లెక్క ప్రకారం ఖర్చులో ఎక్కువ భాగం రాష్ట్రాల మీదికి నెట్టడంతో 2017–20 మధ్య కేంద్ర సహాయం ఏడాదికి సుమారు రూ.1,100 కోట్లకే పరిమితమైంది. పథకం రద్దు కాలేదు, అర్హతలూ మారలేదు. అయినా పలు రాష్ట్రాల్లో విద్యార్థులకు డబ్బు అందడం కష్టమైంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 60:40 నిష్పత్తికి మారి, అయిదేళ్లకు మొత్తం రూ.59,048 కోట్ల ప్రణాళికను ఆమోదించాక పరిస్థితి మారింది. ఒక లెక్కసూత్రం మాత్రమే లక్షల మంది చదువును ఎలా ఇరుకున పెట్టగలదో, దాన్ని సరిదిద్దడమూ ఎలా సాధ్యమో ఈ అనుభవం చూపింది.

కోతకు కారణాలు

రాష్ట్ర బడ్జెట్‌లో జీతాలు, పింఛన్లు, వడ్డీలు తప్పనిసరి ఖర్చులు. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం, దాన్ని అనుసరించి వచ్చిన రాష్ట్ర చట్టాలు ద్రవ్యలోటుకు పరిమితి పెట్టాయి. ఆదాయం తగ్గినప్పుడు, అప్పు పరిమితి దగ్గరపడినప్పుడు కదిలించగలిగేది పథకాల సొమ్మునే. అందులోనూ గట్టిగా అడిగే యూనియన్, పెద్ద కాంట్రాక్టరు లేని పద్దులు ముందు ఆగుతాయి. బడి వంట బిల్లు, హాస్టలు మెస్ బిల్లు, స్వచ్ఛంద సంస్థ గ్రాంటు ఈ కోవకు చెందినవి.

కేంద్ర, రాష్ట్ర ఆర్థిక సంబంధాలు రెండో కారణం. 14వ ఆర్థిక సంఘం సిఫారసుతో 2015లో కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది. అదే సమయంలో కేంద్రం అనేక ఉమ్మడి పథకాల్లో తన వాటాను 60 శాతానికి కుదించింది. పైగా సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మొత్తంలోకి రావు. విద్య పేరుతో వసూలుచేసిన సెస్సు సైతం పూర్తిగా విద్యకు చేరలేదు. మాధ్యమిక, ఉన్నత విద్య సెస్సు కింద 2006–07 నుంచి 2016–17 వరకు వసూలైన రూ.83,497 కోట్లకు ప్రత్యేక నిధే ఏర్పాటు కాలేదని కాగ్ తప్పుపట్టింది. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం కేటాయించాలని కొఠారి కమిషన్ 1966లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే మాట చెప్పింది. ఆ లక్ష్యం ఇప్పటికీ అందలేదు.

రాజకీయ షరతులు మూడో కారణం. కేంద్రం తెచ్చిన పీఎం శ్రీ ఆదర్శ బడుల పథకం ఒప్పందంపై సంతకం చేయలేదన్న కారణంతో 2024–25లో తమిళనాడుకు, బడి చదువు కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి భరించే సమగ్ర శిక్షా పథకం నిధులు రూ.2,152 కోట్లు ఆగిపోయాయి. రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లలో పేద పిల్లల చేరికలు 2025–26లో సమయానికి మొదలుకాలేదు. రెండు ప్రభుత్వాల మధ్య వాదంలో ఒకటో తరగతి పిల్లలకు ఏ పాత్రా లేదు. ఆ ఏడాది వాళ్లు కోల్పోయిన సమయాన్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

పాఠశాలలపై ప్రభావం

ప్రభుత్వ బడికి ఉపాధ్యాయుల జీతాలు పోను చేతికందే సొమ్ము చాలా స్వల్పం. సమగ్ర శిక్షా నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి రూ.10,000, వందమంది వరకు ఉంటే రూ.25,000 ఉమ్మడి గ్రాంటు వస్తుంది. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, కుళాయి మరమ్మతు, సబ్బులు, చీపుర్లు అన్నీ ఇందులోనే. ఇది విడతలుగా, అదీ విద్యాసంవత్సరం చివర్లో వస్తే ప్రధానోపాధ్యాయులు తమ జేబులోంచి పెట్టుకొంటారు, లేదంటే పని వాయిదా వేస్తారు.

చిన్న పద్దు ఆగితే ఎంత పెద్ద చిక్కు వస్తుందో తెలంగాణలో పారిశుద్ధ్య సిబ్బంది విషయం చూపింది. కోవిడ్ కాలంలో బడులు ఊడ్చే, మరుగుదొడ్లు కడిగే తాత్కాలిక సిబ్బందిని, సుమారు 12,000 మంది విద్యా వాలంటీర్లను కొనసాగించలేదు. బడులు తెరిచాక శుభ్రం చేసే పనిని పంచాయతీ, మున్సిపల్ సిబ్బందికి అప్పగించారు. వాళ్లకు ఊరి పనే తలకు మించినది. మరుగుదొడ్డి శుభ్రంగా లేని బడిలో మొదట ఇబ్బంది పడేది ఎదిగిన ఆడపిల్లలు. 2024లో ప్రభుత్వం విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి నెలకు రూ.3,000 నుంచి రూ.20,000 దాకా పారిశుద్ధ్య నిధి మంజూరు చేసింది. నెలకు మూడువేల రూపాయల పద్దు లేకపోవడం ఒక పిల్ల బడి మానడానికి కారణం కాగలదు. బడ్జెట్ పత్రం మాత్రం ఈ రెంటినీ ఒకే పేజీలో చూపించదు.

మధ్యాహ్న భోజనం మారని రేటుకు అసలైన ఉదాహరణ. బియ్యం ఉచితంగా అందుతుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంట చెరకు లేదా గ్యాసు కోసం తలసరి రేటు ఇస్తారు. ప్రాథమిక తరగతుల పిల్లకు పూటకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలన్నది కేంద్ర నిబంధన. ఈ రేటు 2020 ఏప్రిల్‌లో రూ.4.97. అది రూ.5.45 కావడానికి 2022 అక్టోబరు దాకా పట్టింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ధర ఒక్కసారిగా ఎగబాకిన నెలలు ఈ మధ్యలోనే ఉన్నాయి. తర్వాతి సవరణ 2024 డిసెంబరులో రూ.6.19, ఆపై 2025 మేలో రూ.6.78. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ తమ సొమ్ముతో గుడ్డు జోడించి, 9, 10 తరగతుల పిల్లలకూ భోజనం పెడుతున్నాయి. ఇది మెచ్చదగిన నిర్ణయం.

అయితే వండేవారి పరిస్థితి వేరు. వంట, సహాయక సిబ్బందికి కేంద్రం లెక్క ప్రకారం గౌరవ వేతనం 2009 నుంచి నెలకు రూ.1,000. రెండు తెలుగు రాష్ట్రాలూ సొంతంగా కలిపి దాన్ని రూ.3,000 చేశాయి. బిల్లులు రాని నెలల్లో వంట ఏజెన్సీ మహిళలు కిరాణా కొట్టులో ఉద్దెర పెడతారు, పుస్తెలు కుదువపెట్టినవారూ ఉన్నారు. పిల్లలకు అన్నం ఆపకూడదన్న మమకారం వాళ్లది. దాన్ని ప్రభుత్వం నిర్వహణ మూలధనంగా వాడుకోవడం న్యాయం కాదు.

హాస్టళ్లదీ ఇదే కథ. తెలంగాణలో 3 నుంచి 7వ తరగతి విద్యార్థికి డైట్ ఛార్జీ 2024 చివర్లో పెరిగే దాకా నెలకు రూ.950, అంటే మూడు పూటల తిండికి రోజుకు రూ.32 లోపే. 40 శాతం పెంచాక అది రూ.1,330 అయ్యింది. పెంపు ఆలస్యమైన ప్రతి నెలా వార్డెన్ ముందున్న దారులు రెండే. పప్పు పలచన చేయడం ఒకటి, వ్యాపారి దగ్గర అప్పు పెంచడం రెండోది.

ఎయిడెడ్ విద్యాసంస్థల్లో ఖాళీ అయిన పోస్టుల భర్తీ చాలా ఏళ్ల క్రితమే ఆగిపోయింది. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను ఆస్తులతో సహా ప్రభుత్వానికి ఇవ్వాలని, లేదా గ్రాంటు పొందే సిబ్బందిని అప్పగించి ప్రైవేటుగా నడుపుకోవాలని కోరింది. రెండో దారి ఎంచుకున్నచోట ఫీజులు పెరుగుతాయనీ, బడులే మూతపడతాయనీ విశాఖపట్నంలో తల్లిదండ్రులు రోడ్డెక్కారు. నవంబరు 8న అనంతపురంలో విద్యార్థుల నిరసన పోలీసు లాఠీచార్జికి దారితీసింది. ఆ వారంలోనే, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకొని పాత పద్ధతిలో కొనసాగే వీలు కూడా కల్పిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఫీజుల బకాయిలు, విద్యార్థులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి బోధన రుసుముల చెల్లింపు పథకం పేద ఇళ్లకు ఇంజనీరింగ్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ చదువులు తెరిచింది. కుటుంబంలో మొదటి పట్టభద్రులైనవారు దీనివల్ల లక్షల్లో ఉన్నారు. తర్వాతి కాలంలో బకాయిలు రెండు రాష్ట్రాల్లోనూ శాశ్వత సమస్యగా మారాయి. 2025 నవంబరు తొలివారంలో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించి, ప్రభుత్వ హామీ తర్వాత విరమించాయి. కళాశాల తన నష్టాన్ని అధ్యాపకుల జీతాల ఆలస్యంగా, విద్యార్థుల సర్టిఫికెట్లు ఆపడంగా కిందికి బదిలీ చేస్తుంది. ఉద్యోగం వచ్చి కూడా ఒరిజినల్ సర్టిఫికెట్ చేతికి రాక చేరలేకపోతున్న విద్యార్థికి, అతను చేయని అప్పుకు శిక్ష పడుతోంది.

స్వచ్ఛంద సంస్థలపై ప్రభావం

2001 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13.6 లక్షల మంది బాల కార్మికులు తేలారు. ఉత్తరప్రదేశ్ తర్వాత దేశంలో ఇదే అత్యధికం. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి సాగించిన పని, దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో లభించిన మెగసెసే పురస్కారం, ఒక విషయాన్ని దేశం ముందు పెట్టాయి. పనిలో ఉన్న పిల్లను బడికి తేవాలంటే బడి ఉంటే చాలదు. ఎవరో ఒకరు యజమానితో, తల్లిదండ్రులతో, ఊరి పెద్దలతో మాట్లాడాలి. ఏళ్ల తరబడి తప్పిన చదువును అందుకొనేందుకు వారధి తరగతులు నడపాలి.

జాతీయ బాల కార్మిక ప్రాజెక్టు కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంఘాలు ఏర్పడి, స్వచ్ఛంద సంస్థల చేత ప్రత్యేక శిక్షణ కేంద్రాలు నడిపించాయి. 2021 ఏప్రిల్ నుంచి దీన్ని సమగ్ర శిక్షాలో కలిపేశారు. బడిబయటి పిల్లల బాధ్యత కాగితంపై విద్యాశాఖకు చేరింది. యజమాని గుమ్మం దాకా వెళ్లే కార్యకర్త ఉద్యోగం మాత్రం ఏ శాఖకూ చేరలేదు. కోవిడ్‌తో ఆదాయాలు పోయి పిల్లలు మళ్లీ పనులకు వెళుతున్న కాలంలోనే ఈ మార్పు జరగడం దాని నష్టాన్ని పెంచింది.

అంతకుముందే మహిళా సమాఖ్యకు కేంద్రం విడిగా నిధులివ్వడం ఆపి, దాన్ని గ్రామీణ జీవనోపాధి మిషన్‌లో కలపాలని నిర్ణయించింది. పొదుపు, రుణం మిషన్ బలం. బాల్య వివాహం, గృహహింస, జోగిని దురాచారంపై మాట్లాడే సంఘం వేరే రకం శిక్షణ కోరుతుంది. 1996లో ముంబయిలో మొదలై స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యంతో దేశమంతటా విస్తరించిన చైల్డ్‌లైన్ 1098 నిర్వహణ కూడా 2023లో ప్రభుత్వ యంత్రాంగానికి మారింది. కపార్ట్‌ను రద్దుచేసి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థలో కలిపారు. ఒక్కో నిర్ణయానికి ఒక్కో కారణం ఉండవచ్చు. మొత్తంగా చూస్తే, ఊళ్లో పనిచేసే చిన్న సంస్థకు ప్రభుత్వ ద్వారాలు ఒకటొకటిగా మూసుకొన్నాయి.

చిన్న సంస్థ ఈ దెబ్బకు తట్టుకోలేకపోవడానికి దాని ఆర్థిక నిర్మాణమే కారణం. గ్రాంటు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చుచేసి వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ నివేదిక పంపితే తప్ప రెండోది రాదు. పత్రం జిల్లాలో, రాష్ట్రంలో, ఢిల్లీలో ఒక్కో బల్ల దాటేసరికి నెలలు గడుస్తాయి. అద్దె, జీతాలు, పిల్లల తిండి ఆగవు. నిల్వ నిధి పెట్టుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. అందుకే ఇలాంటి సంస్థలో మొదట వెళ్లిపోయేది అనుభవజ్ఞుడైన కార్యకర్త. అతనితోపాటు ఆ ఊళ్లో పదేళ్లు సంపాదించిన నమ్మకమూ పోతుంది. నిధులు మళ్లీ వచ్చినా దాన్ని మళ్లీ కొనలేరు.

ప్రత్యామ్నాయ దారులూ ఇరుకయ్యాయి. 2020 విదేశీ విరాళాల చట్ట సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించింది. ఢిల్లీ, హైదరాబాద్‌లలోని పెద్ద సంస్థల ద్వారా సొమ్ము అందుకొనే మండల స్థాయి సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది.

విదేశీ ప్రభుత్వ నిర్ణయం కూడా మన వీధిని తాకగలదు. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో అమెరికా సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులతో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం, ప్రధానంగా వారే నడిపిన మొదటి భారతీయ క్లినిక్ అది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని స్తంభింపజేయగానే క్లినిక్ మూతపడింది. మామూలు ఆసుపత్రిలో వివక్షకు భయపడి వైద్యమే మానుకొన్నవారికి హెచ్‌ఐవీ పరీక్షలు, హార్మోను చికిత్సపై సలహా, మానసిక ఆరోగ్య సేవ దొరికిన చోటు అది. తర్వాత టాటా ట్రస్టుల తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరిట హైదరాబాద్‌లో సేవలు తిరిగి మొదలయ్యాయి.

బలహీన వర్గాలపై ప్రభావం

2015–16 కేంద్ర బడ్జెట్ శిశు అభివృద్ధి సేవలకు కేటాయింపును అంతకుముందు ఏడాది ఉన్న సుమారు రూ.18,000 కోట్ల నుంచి రూ.8,300 కోట్ల స్థాయికి తగ్గించింది. రాష్ట్రాలకు పన్నుల వాటా పెరిగింది గనుక అవే భరిస్తాయన్నది తర్కం. ఆ శాఖ మంత్రి మేనకా గాంధీయే బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. తర్వాత అనుబంధ పద్దుల ద్వారా కొంత తిరిగి ఇచ్చారు. అయితే గర్భిణికి, రెండేళ్ల బిడ్డకు పోషణను వాయిదా వేయలేం. ఎదుగుదలలో మొదటి వెయ్యి రోజుల్లో తప్పిన తిండి లోటును ఆ తర్వాతి బడ్జెట్ పూర్తిగా పూడ్చలేదు.

అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం లెక్కలో గౌరవ వేతనం 2018 అక్టోబరులో రూ.4,500, సహాయకురాలికి రూ.2,250 అయ్యాయి. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఆ రేటు కదల్లేదు. రాష్ట్రాలు తమ వాటా కలుపుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో వేతన పెంపు, గ్రాట్యుటీ కోసం 2023 డిసెంబరు 12న మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించింది. కార్యకర్తల్లో అధికభాగం అదే ఊరి పేద మహిళలు. అంటే ఈ కోత సేవ పొందేవారినీ, సేవ చేసేవారినీ ఒకేసారి తాకుతుంది.

మైనారిటీ విద్యార్థులకు 1 నుంచి 10వ తరగతి దాకా ఉన్న ప్రీమెట్రిక్ ఉపకార వేతనాన్ని 2022 నవంబరులో 9, 10 తరగతులకు పరిమితం చేశారు. ఎనిమిదో తరగతి వరకు విద్యాహక్కు చట్టం ఉచిత విద్య ఇస్తోందన్నది చెప్పిన కారణం. మరుసటి నెలలో మౌలానా ఆజాద్ పరిశోధక ఫెలోషిప్ ఆగింది. ఇతర ఫెలోషిప్‌లతో అతివ్యాప్తి ఉందన్నది దానికి కారణం. నోటు పుస్తకాలు, బస్సు ఛార్జీ, చెప్పులు ఉచిత విద్యలో ఉండవు. ఉపకార వేతనం పూడ్చింది ఆ లోటునే.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలై పేదలకు కార్పొరేట్ ఆసుపత్రి తలుపు తెరిచింది. బకాయిలు పేరుకుపోవడంతో 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేశాయి. డయాలసిస్, క్యాన్సర్ రోగి కుటుంబానికి ఒక వారం ఆగడం కూడా అప్పులోనో ప్రాణాపాయంలోనో ముగియవచ్చు.

కోతను సమర్థించే వాదాలు

కోతలన్నీ అన్యాయమని చెప్పలేం. ఒకే పనికి మూడు పథకాలు ఉంటే పాలనా ఖర్చు పెరుగుతుంది. కాగితం మీద మాత్రమే నడిచిన సంస్థలను కపార్ట్ నల్లజాబితాలో పెట్టిన చరిత్ర ఉంది. బోగస్ లబ్ధిదారుల ఏరివేత, రాష్ట్రంలో ఒక్కో కేంద్ర పథకం నిధులకు ఒకే నోడల్ ఖాతా ఉండాలన్న 2021 నాటి నిబంధన ఈ దృష్టితో వచ్చినవే. అయితే దుర్వినియోగాన్ని అరికట్టడానికి తనిఖీ కావాలి. దొంగ సంస్థను పట్టుకోలేక మంచి సంస్థను ఆకలికి వదలడం సంస్కరణ కాదు. విలీనం చేసినప్పుడు పాత పథకంలోని ప్రతి పనీ కొత్తదాంట్లో ఎవరి చేతికి వెళ్లిందో పేరుపెట్టి చెప్పగలిగితేనే అది పొదుపు అవుతుంది.

ఖాళీని పూడ్చే ప్రయత్నాలు

కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 2014 ఏప్రిల్ నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. ఈ సొమ్ము పరిశ్రమలున్న చోట్లకు ఎక్కువగా, మన్యం మండలాలకు తక్కువగా చేరుతుంది. ప్రవాసాంధ్రుల తోడ్పాటూ గణనీయం. 1977లో ఏర్పడిన తానా మొదలు అనేక సంఘాలు, వ్యక్తులు సొంత ఊరి బడికి గదులు, కంప్యూటర్లు, నీటి శుద్ధి యంత్రాలు ఇచ్చారు.

ఈ దాతృత్వం విలువైనదే, దాని హద్దూ స్పష్టమే. దాతలు ఒక్కసారి చేసే ఖర్చును ఇష్టపడతారు. నెలనెలా వచ్చే ఖర్చు, అంటే టీచరు జీతం, వంట బిల్లు, కార్యకర్త ప్రయాణ భత్యం, ఎవరి పేరూ గోడ మీద చెక్కించదు. విదేశాల్లో పిల్లలున్న ఊరికి దాత దొరుకుతాడు. వలస కూలీల తండాకు, చెంచు పెంటకు దొరకడు. అందరికీ సమానంగా, ప్రతి నెలా చేరగలిగేది పన్నుల సొమ్ము ఒక్కటే.

ఇతర దేశాల అనుభవం

దీర్ఘకాలిక నష్టాన్ని కొలిచిన అధ్యయనాలు బ్రిటన్‌లో ఉన్నాయి. 2010–11 నుంచి 2017–18 మధ్య ఇంగ్లండ్‌లో స్థానిక సంస్థలకు కేంద్ర సహాయం వాస్తవ విలువలో 49.1 శాతం తగ్గిందని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్కగట్టింది. 1999లో మొదలైన ష్యూర్ స్టార్ట్ శిశు కేంద్రాలు ఈ కాలంలో పెద్దసంఖ్యలో కుదించుకుపోయాయి. ఆ కేంద్రాలకు దగ్గరగా పెరిగిన పేద పిల్లలు పదహారేళ్ల వయసులో రాసే పరీక్షల్లో మెరుగైన గ్రేడ్లు సాధించారని ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్‌ఎస్ 2024లో తేల్చింది. ఫలితం రుజువయ్యేసరికి కేంద్రాలు చాలావరకు లేవు. కోత నిర్ణయం ఒక ఏడాదిది, దాని ఫలితం ఒక తరానిది అనడానికి ఇది ఆధారం.

న్యాయస్థానం అడ్డుకొన్న సందర్భమూ అక్కడ ఉంది. దక్షిణాసియా, ఆఫ్రికా మూలాల మహిళలకు అండగా 1979లో లండన్‌లో ఏర్పడిన సౌతాల్ బ్లాక్ సిస్టర్స్‌కు నిధులు తప్పించాలన్న ఈలింగ్ కౌన్సిల్ ప్రయత్నం 2008లో హైకోర్టులో నిలవలేదు. నిర్ణయానికి ముందే దాని ప్రభావం ఎవరిమీద పడుతుందో అంచనా వేయాలన్న సూత్రం ఆ కేసులో బలపడింది.

రక్షణ మార్గాలు

మన దేశంలో కోతకు అడ్డుగా నిలిచినవి ప్రధానంగా మూడు. ఒకటి, హక్కు. ఆహార హక్కు కోసం పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం బడిలో వండిన భోజనాన్ని తప్పనిసరి చేసింది, 2013 ఆహార భద్రత చట్టం దాన్ని చట్టబద్ధం చేసింది. అందువల్లే రేటు చాలకపోయినా భోజనం రద్దు కాలేదు. రెండు, చట్టంలో కట్టివేసిన వాటా. ఎస్సీ, ఎస్టీ జనాభా నిష్పత్తి మేరకు నిధులు కేటాయించాలన్న 2013 ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉపప్రణాళిక చట్టం దేశానికి దారిచూపింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2023లో మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017 చట్టం ఖర్చుకాని నిధులను మరుసటి ఏడాదికి తీసుకెళ్లే నిబంధన చేర్చింది. మూడు, ప్రజల తనిఖీ. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని ఉమ్మడి రాష్ట్రం 2006లోనే చేపట్టి, 2009లో స్వతంత్ర సంస్థగా మలిచింది. అదే పద్ధతిని వంట బిల్లులకు, హాస్టలు బకాయిలకు, గ్రాంట్ల విడుదలకు వర్తింపజేయడానికి కావలసిన అనుభవం తెలుగు రాష్ట్రాల దగ్గర ఉంది.

ఈ అనుభవాల నుంచి చేయాల్సిన పనులు స్పష్టంగా తేలుతున్నాయి. తలసరి రేట్లను ధరల సూచీతో ముడిపెట్టి ఏటా సవరించాలి. విడుదల ఆలస్యమైతే ఉపాధి హామీ చట్టం కూలీలకు చెప్పినట్టే వంట సిబ్బందికీ, సంస్థలకూ పరిహారం చెల్లించాలి. బకాయిల జాబితాను శాఖలవారీగా ప్రతి మూడు నెలలకూ శాసనసభ ముందు పెట్టాలి. పథకాన్ని ఆపే ముందు ఎవరికి ఏం పోతుందో రాతపూర్వకంగా అంచనా వేయాలి. పాత సంస్థ నుంచి కొత్త యంత్రాంగానికి మారడానికి కనీసం ఒక విద్యాసంవత్సరం గడువు ఇవ్వాలి. ఖజానాకు కష్టకాలం రావచ్చు, పొదుపు తప్పకపోవచ్చు. అప్పుడు మొదట ఆగే బిల్లు బడి వంటమనిషిది కాకూడదన్న నియమాన్ని ప్రభుత్వాలు చట్టంగా రాసుకోవాలి.